కాలిన ఉక్కు మీద నీటి జెట్లు: దీని మీద పీహెచ్‌డీ చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంటెక్ థర్మల్ పూర్తిచేస్తోంది. బాగా కాలిన లోహపు పలకల్ని నీటి జెట్లతో చల్లార్చడం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. తోటివాళ్లంతా డేటా సైన్స్ వైపు వెళ్తున్నారు. నీళ్లు పోసి చల్లార్చడంలో పరిశోధన ఏముంటుంది? రెండింటినీ పోల్చి చెప్పి, మీరైనా దాని మనసు మార్చండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మనసు మార్చే పని మాత్రం నాకు పెట్టకండి. సబ్జెక్టు పేరు మారుతుందే గానీ ఈ ఉత్తరం నాకు ఏటా వస్తూనే ఉంటుంది. మీ దిగులు నీళ్ల గురించీ కాదు, ఉక్కు గురించీ కాదు. తోటివాళ్లు సంపాదనలో పడితే మీ అమ్మాయి ఇంకా నాలుగైదేళ్లు ల్యాబ్‌లోనే ఉండిపోతుందేమోనని. అది ఏ తల్లికైనా ఉండేదే. కానీ "నీళ్లు పోసి చల్లార్చడం" అనే మాట ఆ పిల్ల ఎదుట ఎన్నిసార్లు అన్నారో గుర్తు చేసుకోండి. తను చదువుతున్నదేమిటో ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని అడిగారా?

అడిగి ఉంటే తనేం చెప్పేదో నేను చెబుతాను. బాగా కాలిన పెనం మీద నీటి చుక్క పడితే వెంటనే ఇగిరిపోదు, అటూ ఇటూ దొర్లుతుంది. చుక్కకీ పెనానికీ మధ్య పల్చటి ఆవిరి పొర చేరి, వేడిని త్వరగా అందనివ్వదు. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లోనే దీని గురించి రాశాడు. వేడి పెరిగేకొద్దీ నీళ్లు మరిగే తీరు ఎలా మారుతుందో 1934లో జపాన్ శాస్త్రవేత్త నుకియామా సన్నటి తీగలతో కొలిచి చూపించాడు. ఒక హద్దు దాటాక నీళ్లు లోహాన్ని తాకనే తాకవు. జెట్ ఆ పొరను చీల్చుకుని తాకాలి.

ఒక విద్యార్థి తన ప్రయోగం వీడియో నాకు చూపించాడు. ఎర్రగా కాలిన పలక మీద జెట్ పడింది. పడిన చోట, నీళ్లు తాకి తడిసిన మేర, చిన్న నల్లటి మచ్చ, చుట్టూ అంతా ఎరుపే. మచ్చ గుండ్రంగా పెరుగుతోంది. దాని అంచు దాకా వచ్చిన నీళ్లు అక్కడ పలకను వదిలేసి తుంపరలై పైకి ఎగిరిపోతున్నాయి. ఆ అంచు ఎంత వేగంతో జరుగుతుంది, అక్కడ ఎంత వేడి పోతుంది అన్నదే అసలు ప్రశ్న. ఉపరితలం మీదే థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెడితే నీటి ప్రవాహం చెడుతుంది. అందుకని పలక లోపల, కాస్త కింద అమర్చి, ఆ రీడింగుల నుంచి వెనక్కి లెక్క కట్టి పైన జరిగింది తేల్చాలి. రీడింగులో చిన్న తప్పు లెక్కలో పెద్దదైపోతుంది. ఇది ఓపికతో పాటు మంచి గణితం కావలసిన పని.

ఇదంతా ఎక్కడ పనికొస్తుందంటారా? ఉక్కును వేడిమీద రేకులుగా సాగదీసే హాట్ స్ట్రిప్ మిల్లులో రేకు సుమారు 900 డిగ్రీల వేడితో బయటికొస్తుంది. చుట్ట చుట్టేలోపు దాన్ని నీటి జెట్లతోనే 600 డిగ్రీల దరిదాపులకు దించాలి. చల్లారే వేగాన్ని బట్టే దాని బలం ఉంటుంది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ చల్లారితే వంకర తిరుగుతుంది. అణు రియాక్టరులో ప్రమాదం జరిగి చల్లబరిచే నీళ్లు కారిపోయినప్పుడు, కాగిపోయిన ఇంధన కడ్డీల మీదికి మళ్లీ నీళ్లు పంపితే జరగాల్సిందీ ఈ తడి అంచు ముందుకు సాగడమే.

ఇక డేటా సైన్స్. నాకున్న సందేహాలు దాచను. గణాంకశాస్త్రం లోతుగా చదివినవాళ్ల గురించి నాకు బెంగ లేదు. కొన్ని నెలల కోర్సు చేసి, సిద్ధంగా ఉన్న డేటా మీద సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్ నడిపి సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్ల గురించే నా బెంగ. అందరి రెజ్యూమేల్లోనూ అవే ప్రాజెక్టులు. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, దీన్ని ఎందుకు నమ్మాలి అని అడిగితే నోరు పెగలదు. పైగా కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్నచిన్న పనులు ఇప్పుడు ఏఐ పరికరాలే చాలావరకు చేసిపెడుతున్నాయి. మీ అమ్మాయైతే అంకె పుట్టే చోటే నిలబడి ఉంటుంది. సెకనుకు వందల రీడింగులు, వాటిలో కలిసే నాయిస్ (అర్థంలేని హెచ్చుతగ్గులు), వాటిని సరిచేసే కోడ్, అన్నీ తన చేతి మీదుగానే సాగుతాయి. రేపు డేటా వైపు వెళ్లాలనిపించినా తలుపు మూసుకుపోదు.

పోల్చమన్నారు. మొదటి జీతం త్వరగా వచ్చేది అటే, ఒప్పుకుంటాను. ఇటు ఉద్యోగాలిచ్చే చోట్లు తక్కువ, కానీ పోటీకి వచ్చేవాళ్లూ తక్కువే. జెట్ల మీద పనిచేసిన వ్యక్తి జెట్లకే అతుక్కుపోనక్కర్లేదు. శక్తిమంతమైన చిప్‌లను చల్లబరచడానికీ సన్నటి ద్రవ జెట్లు వాడుతున్నారు. ఈ పిల్ల వెనకబడిపోదమ్మా, ఆ భయం వదిలేయండి.

మీరు పట్టించుకోవాల్సింది వేరే ఉంది. ఆ ల్యాబ్‌లో రిగ్ (ప్రయోగానికి కావలసిన యంత్రాల అమరిక) ఇప్పటికే నడుస్తోందా, కొత్తగా కట్టాలా? కట్టాలంటే కొలిమి, పంపు, నాజిళ్లతోనే చాలా కాలం గడిచిపోతుంది. హైస్పీడ్ కెమెరా ఉందా? అక్కడ ఇంతకుముందు పీహెచ్‌డీ చేసినవాళ్లు ఎన్నేళ్లలో బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు? జవాబులు నచ్చకపోతే ఇదే విషయంలో మరో గైడ్‌ను వెతుక్కోమనండి. ఇవన్నీ గైడ్‌ను తనే అడగాలి. మీరు ఫోన్ చేయకండి.