వన్యప్రాణుల చదువు చదివితే ఉద్యోగం వస్తుందా? నా అనుభవం

మీ అమ్మాయికి ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్ వద్దు, వన్యప్రాణి సంరక్షణే చదువుతానంటోంది, దాంతో ఉద్యోగం వస్తుందా, ఆడపిల్లను అడవికి ఎలా పంపాలి అని అడిగారు. నేను ఆ చదువే చదివానండి. అప్పట్లో మా నాన్న కూడా ఈ రెండు ప్రశ్నలే అడిగారు.

ఉద్యోగాలున్నాయి. కాకపోతే బీటెక్‌లాగా చదువు అవ్వగానే చేతికి రావు. మొదటి నాలుగైదేళ్లు ప్రాజెక్టుల మీదే గడుస్తాయి, ఆరు నెలలకో ఏడాదికో ఒక కాంట్రాక్టు. నా మొదటి ప్రాజెక్టులో మూడు నెలల జీతం ఒకేసారి వచ్చింది. అప్పటిదాకా ఖర్చులకు ఇంటి నుంచే తెప్పించుకున్నాను. ఇది ముందే తెలిసి దిగాలి.

డిగ్రీ గురించి టెన్షన్ పడకండి. దగ్గర్లో మంచి కాలేజీలో జువాలజీ, బోటనీ ఉన్న బీఎస్సీ చాలు. అసలు తేడా పీజీలో వస్తుంది. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది, వాళ్లు రెండేళ్లకోసారే, అదీ పదిహేను మంది దాకానే తీసుకుంటారు. పాండిచ్చేరి యూనివర్సిటీలో ఎకాలజీ చదవొచ్చు. ఒక ఏడాది సీటు రాకపోతే ఇంట్లో కూర్చోకుండా ఏదైనా ప్రాజెక్టులో ఫీల్డ్ అసిస్టెంట్‌గా చేరమనండి. నా ఉద్దేశంలో పీజీకి ముందు అందరూ చేయాల్సిన పని అదే.

ఎందుకంటే అడవిలో పని టీవీలో చూసినట్టు ఉండదు. నల్లమలలో ఒక సీజనంతా పులుల లెక్కింపులో ఉన్నాను. పులిని కళ్లారా ఒక్కసారి కూడా చూడలేదు. బండిబాటకు రెండు పక్కలా ఉన్న చెట్లకు మోకాలెత్తులో రెండు కెమెరాలు కట్టాలి, ముందు ఏదైనా కదిలితే వాటంతట అవే ఫొటో తీసేవి. పులికి కుడివైపు చారలు, ఎడమవైపు చారలు ఒకలా ఉండవు. రెండు వైపులా ఫొటో పడితేనే ఏ పులో కచ్చితంగా తేలుతుంది. కెమెరా ముందు గడ్డి పీకాలి, లేదంటే గాలికి ఊగే గడ్డి ఫొటోలతోనే కార్డు నిండిపోతుంది. తర్వాత మనమే పులిలా నాలుగు కాళ్ల మీద దాని ముందు నడిచి, ఫొటో సరిగా పడుతోందో లేదో చూసుకోవాలి. సాయంత్రం క్యాంపుకొచ్చి వేల ఫొటోలు వేరుచేయాలి. దుప్పులు, అడవి పందులు, మేతకొచ్చిన ఆవులు, కట్టెలకొచ్చిన మనుషులు, అన్నీ ఉంటాయి. ఆ పైన లెక్కలు. బైపీసీ పిల్లలు లెక్కలు వదిలిపోయాయనుకుంటారు గానీ ఈ చదువులో స్టాటిస్టిక్స్ రాకుండా పని జరగదు. ఇప్పటినుంచే నేర్చుకోమనండి.

మా టీమ్‌లో ఒక చెంచు పెద్దాయన ఉండేవారు, బేస్ క్యాంపులో వాచర్. నేను మ్యాపు చూసి ఒక చోటు ఎంచుకుంటే, "ఈడ కట్టొద్దమ్మా, అది ఇటు రాదు. వాగు దాటినాక ఆ మలుపులో వస్తాది" అన్నారు. నేను వినలేదు. పది రోజులు ఖాళీ. ఆయన చూపించిన నల్లమద్ది చెట్టుకు కెమెరా మార్చిన మూడో రాత్రి ఆడపులి ఫొటో పడింది, దాని వెనకే రెండు పిల్లలు. ఆ ఫొటో చూస్తూ ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు నుంచి చోటు ఎంచుకునే ముందు ఆయన్ని అడగకుండా కెమెరా కట్టలేదు.

ఇలాంటివాళ్ల మాట వాళ్ల భాషలోనే వినగలరు కాబట్టి, తెలుగు వచ్చిన పిల్లలు ఈ రంగంలోకి రావాలని గట్టిగా కోరుకుంటాను. కలివికోడి అనే అరుదైన పక్షి ఎనభై ఏళ్లకు పైగా ఏ శాస్త్రవేత్తకూ కనబడలేదు. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకొచ్చింది ఆ చుట్టుపక్కల వేటగాడే.

ఇక ఉద్యోగాలు. జువాలజీ, బోటనీలాంటి సబ్జెక్టు డిగ్రీలో ఉంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయొచ్చు, ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది. రాష్ట్రంలో రేంజ్ ఆఫీసర్ పోస్టులున్నాయి. ఇంట్లో త్వరగా స్థిరమైన జీతం కావాలంటే ఆ దారే మంచిది, ఆ అవసరం అమ్మాయికి దాచకుండా చెప్పండి. పరిశోధన ఇష్టమైతే జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన ఇంటద్దె అలవెన్సు. అడవి కంటే ల్యాబ్ నచ్చేవాళ్లకు హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ ఉంది, అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే ల్యాబ్ అది. నెహ్రూ జూతో కలిసి మూషిక జింకలను పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలింది అక్కడివాళ్లే. డబ్ల్యూడబ్ల్యూఎఫ్, బీఎన్‌హెచ్ఎస్ లాంటి ప్రకృతి సంరక్షణ సంస్థలు, జూలలో బయాలజిస్టు పోస్టులు, జీఐఎస్ అంటే కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే పని కూడా ఉంటాయి.

ఆడపిల్ల విషయం. ఫీల్డులోకి ఒంటరిగా ఎవరినీ పంపరు, పక్కన వాచరో టీమో ఉంటుంది. నాకు జంతువుల వల్ల ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. కష్టమల్లా బాత్రూమ్ లేని క్యాంపు, నెలసరి రోజుల్లో ఎండలో నడక, సిగ్నల్ లేక ఇంటికి ఫోన్ చేయలేకపోవడం. ప్రాజెక్టులో చేరేముందు ఉండే చోటు గురించి, టీమ్‌లో ఇంకెవరైనా అమ్మాయిలున్నారా అని నిర్మొహమాటంగా అడగమనండి. అడిగినందుకు విసుక్కునే చోట చేరనక్కర్లేదు.

ప్రస్తుతానికి ఒక నోట్‌బుక్ కొనివ్వండి. రోజూ పొద్దున్నే మీ ఊరి చెరువు దగ్గర గంటసేపు నిలబడి ఏ పక్షి ఎన్ని ఉన్నాయో రాసుకుని, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో ఎక్కించమనండి. నెల తర్వాత కూడా మీరు లేపకుండా తనే లేచి వెళ్తుంటే నాకు ఇక్కడ మళ్లీ రాయండి, ఏ కాలేజీలో చేర్చాలో అప్పుడు మాట్లాడుకుందాం.