తలుపు తన్నితే ఫోన్ వస్తుందని నేర్పిందెవరు?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఏడాదిగా మాట వినడం లేదు, అబద్ధాలాడుతున్నాడు, మార్కులు పడిపోయాయి. రాత్రి పదింటికి ఫోన్ తీసుకుంటే తలుపు తంతాడు. వాళ్ల నాన్న లేస్తే కొడతారన్న భయంతో మళ్లీ నేనే ఇచ్చేస్తాను. క్లాసులు ఎగ్గొట్టాడని ఆయనకు చెప్పలేదు. తెలిస్తే "అంతా నీ పెంపకమే" అంటారు. హాస్టల్లో వేస్తే మారతాడా?

జవాబు: హాస్టల్ మాట వదిలేయండమ్మా. ఇప్పుడు పంపితే, నన్ను వదిలించుకున్నారనే వాడు అనుకుంటాడు.

మీరు కొడుకు గురించి రాశాననుకున్నారు. నాకు కనిపించింది మీరూ, మీవారూ. ఆయనకు తెలియకూడదని మీరు దాస్తారు, తెలిసిన రోజు ఆయన చెయ్యెత్తుతారు. ఆ సందులో వాడు పెరుగుతున్నాడు. అబద్ధం చెబితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని వాడు మిమ్మల్ని చూసే నేర్చుకున్నాడు. ఈ మాట కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

ఆ తలుపు సంగతే చూడండి. మొదటి తన్నుకు ఇవ్వరు, రెండో తన్నుకు ఇవ్వరు, ఆరో తన్నుకు ఇస్తారు. అంటే ఆరుసార్లు తన్నాలని వాడికి అర్థమైంది. ఇకపై ఇవ్వకూడదనుకుంటే, మొదట్లో గొడవ ఇంకా పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసింది ఇప్పుడెందుకు పనిచేయదని గట్టిగా ప్రయత్నిస్తాడు. చాలామంది తల్లిదండ్రులు సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తారు. మీరు నిలబడాలంటే పక్కన మీవారు ఉండాలి, ఆయనకు తెలియకుండా నిలబడలేరు.

కాబట్టి ముందు మాట్లాడాల్సింది వాడితో కాదు, ఆయనతో. వాడు ఇంట్లో లేనప్పుడు క్లాసుల సంగతితో సహా అన్నీ చెప్పేయండి. "నీ పెంపకమే" అంటే తల దించుకోకండి. పెంపకం ఇద్దరిదీ, ఆ మాట పడాల్సిన అవసరం మీకు లేదు. కొట్టడం మానాలని తేల్చి చెప్పండి. ఈ వయసులో కొడితే పిల్లవాడు మారడు, దొరక్కుండా ఉండడం నేర్చుకుంటాడు. ఒంటరిగా చెప్పాలంటే భయమైతే, ఆయన గౌరవించే పెద్దవాళ్లనెవరినైనా కూర్చోబెట్టుకోండి.

ఇద్దరూ కలిసి ఒక్కటంటే ఒక్క నియమం పెట్టండి. రాత్రి పదింటికి అందరి ఫోన్లూ హాల్లో ఉండాలి, మీవారిది కూడా. ఈ వయసులో నిద్ర రావడమే ఆలస్యమవుతుంది, అది బద్ధకం కాదు. అయినా వాడికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మార్కుల ఊసు కొన్నాళ్లు ఎత్తకండి. చెప్పిన టైముకి ఫోన్ పెట్టిన రోజు, "ఈ రోజు అడక్కుండానే పెట్టేశావు, సంతోషంగా ఉంది" అని అప్పటికప్పుడే అనండి. ఆ మాట వాళ్ల నాన్న నోటి నుంచి వస్తే ఇంకా మంచిది. "రోజూ ఇలాగే ఉండొచ్చుగా" అని మాత్రం దాని వెనకే తగిలించకండి, పొగడ్త కాస్తా దెప్పుడైపోతుంది.

ఒకటి మాత్రం ఆలస్యం చేయకండి. తిండి మానేసినా, స్నేహితులకు కూడా దూరమైనా, చచ్చిపోతానన్నా, ఒంటిపై గాట్లు కనిపించినా వెంటనే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. బెదిరిస్తున్నాడులే అని ఊరుకోవద్దు.

మీవారితో ఈ ఆదివారమే మాట్లాడండి. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వాడిని పిలవండి. మొదటి మాట ఆయననే అననివ్వండి: "ఇకపై నిన్ను కొట్టనురా."