గురుడి ఉపగ్రహాలు చాలవు, శుక్రుడి కళలు కావాలి

"గురుగ్రహానికి ఉపగ్రహాలు కనిపించాయి కాబట్టి భూమి తిరుగుతోందని తేలింది" అని మీ అబ్బాయి ప్రాజెక్టులో రాస్తే టీచర్ కొట్టేశారన్నారు కదండీ. టీచర్ చెప్పింది కరెక్టే. 1610 జనవరిలో గెలీలియో చూసిన ఆ ఉపగ్రహాలు, అన్నీ భూమి చుట్టూనే తిరగాలన్న మాటను మాత్రమే దెబ్బకొట్టాయి.

భూమి మధ్యలో కదలకుండా ఉంటే సూర్యుడూ గ్రహాలూ దాని చుట్టూ తిరుగుతాయన్న పాతకాలపు టాలెమీ లెక్కను పడగొట్టింది శుక్రుడు. ఆ లెక్కలో శుక్రుడు ఎప్పుడూ సూర్యుడికి ఇవతలే ఉంటాడు, కాబట్టి టెలిస్కోపులో దాదాపు నిండుగా ఎన్నడూ కనిపించకూడదు. కానీ 1610 చివరి నెలల్లో గెలీలియోకి మొదట చిన్నగా, గుండ్రంగా కనిపించాడు. తర్వాత సైజు పెరుగుతూ సగమయ్యాడు, ఆపైన నెలవంకలా సన్నబడ్డాడు. సూర్యుడి అవతలి వైపుకి వెళ్ళొస్తే తప్ప అలా కుదరదు.

చాలామంది దాటేసే మెలిక ఒకటుంది. టైకో బ్రాహీ అనే ఖగోళ శాస్త్రవేత్త పద్ధతిలో గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడేమో భూమి చుట్టూ తిరుగుతాడు. శుక్రుడి కళలు దానికీ సరిపోతాయి! భూమి కదలికకు నేరుగా ఆధారం 1729లో వచ్చింది: మన వేగం వల్ల నక్షత్రాలు ఏడాది పొడవునా కాస్త జరిగినట్టు కనిపిస్తాయని ఖగోళ శాస్త్రవేత్త బ్రాడ్లీ చూపించాడు. 1838లో మరో ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ 61 సిగ్ని నక్షత్రం పారలాక్స్ (భూమి చోటు మారడం వల్ల దగ్గరి నక్షత్రం కాస్త పక్కకి జరిగినట్టు కనిపించడం) కొలిచాడు.

శుక్రుడి కళల బొమ్మలు గీయించి, కింద బ్రాడ్లీ, బెసెల్ ఆధారాలు రెండూ రాయించండి.