ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ను తాకితే సన్నగా షాక్ కొడుతోంది: ఫోన్ మార్చాలా?

ఛార్జింగ్‌లో పెట్టిన ఫోన్ అంచును తాకినప్పుడు సన్నగా షాక్ కొడుతోందనీ, ఇది ప్రమాదమా, ఫోన్ మార్చాలా అనీ మీరు అడిగారు. ఫోన్‌ను అనుమానించే ముందు ఛార్జర్‌ను అనుమానించండి. లోహపు అంచులున్న ఫోన్ వాడుతున్న రోజుల్లో నాకూ ఇదే ఎదురైంది. గట్టిగా పట్టుకుంటే ఏమీ తెలిసేది కాదు. వేలి కొసను అంచు మీద తేలిగ్గా ఆనించి జరిపితే మాత్రం గరుకు కాగితం మీద జరిపినట్లు జరజరమనేది. ప్లగ్గు తీసిన మరుక్షణం అదే అంచు నున్నగా ఉండేది.

ఇది మన భ్రమ కాదు. దీపం వెలుగుతున్నప్పుడు ఇత్తడి హోల్డర్ తాకడానికి మామూలుగా ఉండేటంత నున్నగా లేదని గమనించిన మాలిన్‌క్రాట్ అనే పరిశోధకుడు 1953లోనే దీని మీద పత్రం ప్రచురించారు. లోహంలోని ఏసీ (దిశ మారుతూ ఉండే) వోల్టేజీ పొడి చర్మాన్ని క్షణక్షణానికీ లాగి వదులుతూ ఉంటే, కదులుతున్న వేలికి అది గరుకుగా తోస్తుంది.

అయితే ఫోన్‌లోకి వెళ్లేది 5 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు). వేగంగా ఛార్జ్ చేసేవాటిలో 9, 12, 20 వోల్టులు కూడా ఉంటుంది. పొడి చేతికి అది షాక్ కొట్టదు. మనకు తెలిసేది గోడలోని సరఫరా నుంచి వచ్చే లీకేజీ కరెంటు. ఛార్జర్‌లోని సర్క్యూట్ సెకనుకు వేలసార్లు, లక్షసార్లు కూడా ఆన్, ఆఫ్ అవుతుంది కనుక, దాని నుంచి పుట్టే రేడియో అలజడిని అణచడానికి మెయిన్స్ (గోడ సరఫరా) వైపుకూ ఫోన్ వైపుకూ మధ్య వై కెపాసిటర్ అనే చిన్న భాగాన్ని కావాలనే కలుపుతారు. రెండు పిన్నుల ఛార్జర్‌కు ఎర్త్ లేదు కాబట్టి, ఆ కెపాసిటర్ గుండా వచ్చే కాస్త కరెంటు ఫోన్ చట్రం దాకా చేరి, మన శరీరం గుండా నేలకు దారి వెతుక్కుంటుంది. 2.2 నానోఫారడ్ల కెపాసిటర్‌కు 230 వోల్టుల, 50 హెర్ట్జ్ సరఫరా పూర్తిగా అందిందనుకున్నా ఆ కరెంటు 0.16 మిల్లీ ఆంపియర్లు దాటదు. కండరాలు బిగుసుకుపోయి పట్టు విడవలేని స్థితి సుమారు 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర మొదలవుతుంది కనుక, ఈ రెండింటి మధ్య దూరం చాలానే ఉంది.

మీకు ఒకరోజు తెలిసి మరొకరోజు తెలియకపోవడానికి కారణం కూడా ఇదే. చెప్పులు లేకుండా నేల మీద నిలబడినా, రెండో చెయ్యి ఎర్త్ అయిన లోహాన్ని తాకినా దారి సులువవుతుంది. చర్మం పలచగా ఉన్న మణికట్టు లోపలి వైపు, చెవి, పెదవి దగ్గర ఇంకా చురుక్కుమంటుంది. ఛార్జింగ్‌లో ఉండగా తెర తాకిన చోట కాక మరోచోట స్పందిస్తుంటే అది కూడా తరచు ఛార్జర్ నుంచి వచ్చే అలజడే.

నేను చేసిన పరీక్ష చాలా తేలిక. అదే కేబుల్‌ను గోడకు తగిలించని లాప్‌టాప్‌కు, ఆ తరువాత పవర్ బ్యాంకుకు పెట్టి చూశాను. రెండింటితోనూ జరజర లేదు. మరో ఛార్జర్ పెడితే ఉంది కానీ బాగా తగ్గింది. ఫోన్ నిర్దోషి అని తేలిపోయింది. టెస్టర్ పెట్టి చూసి మాత్రం కంగారుపడకండి: అందులోని నియాన్ దీపం ఇంత కొద్ది కరెంటుకే వెలుగుతుంది. మల్టీమీటర్ కూడా 90 నుంచి 110 వోల్టుల దాకా చూపించవచ్చు. కాస్త లోడు తగిలితే నిలవని వోల్టేజీ అది.

ఇక నిజంగా భయపడవలసినది నాసిరకం ఛార్జర్ల విషయంలో. పేరూ ఊరూ లేని ఛార్జర్ ఒకటి పాడైతే విప్పి చూశాను. మెయిన్స్ వైపు రాగి దారికీ, ఫోన్ వైపు దారికీ మధ్య ఎడం మిల్లీమీటరు కూడా లేదు. మంచివాటిలో అక్కడ కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు, కొన్నిటిలో బోర్డునే చీలుస్తారు. వై కెపాసిటర్ ఉండవలసిన చోట వై అనే గుర్తింపు ముద్ర లేని మామూలు కెపాసిటర్ ఉంది. అసలైన వై కెపాసిటర్ పాడైనా షార్ట్ కాకుండా ఉండేలా తయారవుతుంది. మామూలుది షార్ట్ అయితే మెయిన్స్ నేరుగా మీ చేతిలోకి వస్తుంది.

కాబట్టి జరజర కాక గట్టిగా కొట్టినా, చెయ్యి వెనక్కి లాక్కోవలసి వచ్చినా, ఛార్జర్ మరీ కాలుతున్నా, వాసన వస్తున్నా, ఎప్పుడూ లేనిది ఒక్కసారిగా ఎక్కువైనా అదే రోజు వాడకం ఆపేయండి. తీసేటప్పుడు ఫోన్‌ను ముట్టుకోకుండా ముందు గోడ దగ్గర స్విచ్ ఆపేయండి. మంచి ఛార్జర్ అయినా సరే, తడి చేతులతో, స్నానాల గదిలో, చెవిలో వైర్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ వాడకూడదు. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ అనే రక్షణ స్విచ్ ఉంటే మంచిదే. ఈ చిన్న లీకేజీకి అది పడిపోదు, ఇన్సులేషన్ తెగి కరెంటు మీ గుండా నేలకు పారితే మాత్రం సరఫరాను ఆపుతుంది.

జరజర ఒక్కటే ఇబ్బందైతే, అంచులను కప్పే రబ్బరు కేస్ చాలు. చెడిన ఛార్జర్‌ను మాత్రం ఎవరికీ ఇచ్చేయకుండా, పిన్నులు విరిచి ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లో వేయండి.