ఫీజు కట్టేముందు ముప్పై ప్రకటనలు చదవండి

ప్రశ్న: గచ్చిబౌలిలో నాలుగేళ్లు మాన్యువల్ టెస్టర్‌గా (సాఫ్ట్‌వేర్‌ను స్వయంగా వాడి చూసి తప్పులు పట్టే పని) చేశాను. గత నెల ప్రాజెక్టు ఎత్తేసి మా టీమ్ మొత్తాన్నీ తీసేశారు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు ఆటోమేషన్ (టెస్టుల్ని ప్రోగ్రాంతో నడపడం), డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లకు చేర్చి నడపడం), డేటా సైన్స్ మూడూ కలిపి మూడు నెలల్లో నేర్పిస్తామంటున్నారు. ఫీజు 65 వేలు. చేరమంటారా? – ఓ పాఠకుడు, మియాపూర్

జవాబు: ఇప్పుడే చేరకండి. జీతం ఆగినప్పుడు 65 వేలు చిన్న మొత్తం కాదు. పైగా మూడు నెలల్లో మూడు విద్యలు ఒంటబట్టవు. రెజ్యూమెలో మూడు పేర్లూ ఉంటాయి గానీ, ఇంటర్వ్యూలో కాస్త లోతుగా అడిగితే ఒక్కదాంట్లోనూ నిలబడలేరు.

ముందు నౌకరీ, లింక్డ్‌ఇన్ సైట్లలో హైదరాబాద్‌లోని టెస్టింగ్ ఉద్యోగాలకు, 3–5 ఏళ్ల అనుభవం అడిగిన ప్రకటనలు ముప్పై తెరవండి. అడిగిన టూల్స్ పేర్లు నోటుబుక్కులో రాసుకుని, మళ్లీ కనబడినప్పుడల్లా పక్కన ఒక గీత గీయండి. సగానికి పైగా ప్రకటనల్లో ఏవి ఉన్నాయో అవే మీ సిలబస్. సాధారణంగా జావా లేదా పైథాన్, సెలీనియం (బ్రౌజర్‌ను ప్రోగ్రాంతో నడిపే టూల్), ఏపీఐ టెస్టింగ్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారిని పరీక్షించడం), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లో వెతికే భాష), గిట్ (కోడ్‌లో మార్పుల్ని భద్రపరిచే టూల్) తేలతాయి. టెస్ట్ కేసులు రాయడం, బగ్ పట్టుకోవడం మీకు వచ్చిన పనే. దాని పక్క మెట్టు ఆటోమేషన్. డేటా సైన్స్ అంటే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి, అదీ ఫ్రెషర్లతో పోటీపడి.

జావా మొత్తం అక్కర్లేదు. లూపులు, స్ట్రింగులు, లిస్టు, మ్యాపు, క్లాసులు, ఎక్సెప్షన్లు వస్తే సెలీనియం మొదలుపెట్టొచ్చు. సాధనకు సాస్ ల్యాబ్స్‌వారి 'సాస్ డెమో' అనే ఉచిత షాపింగ్ సైటు ఉంది. లాగిన్ పేర్లు, పాస్‌వర్డ్ ఆ పేజీలోనే ఇచ్చారు. వాటిలో 'పెర్ఫార్మెన్స్ గ్లిచ్ యూజర్'తో వెళ్తే లాగిన్ కావాలనే ఆలస్యమవుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. స్క్రిప్టు (టెస్టు నడిపే ప్రోగ్రాం) ఫెయిలవగానే 'థ్రెడ్ స్లీప్' అని 5 సెకన్లు పెట్టేస్తారు. పేజీ ఒక్క సెకనులో వచ్చినా స్క్రిప్టు అయిదూ ఆగుతుంది. ఆరో సెకనులో వస్తే మళ్లీ ఫెయిల్. దాని బదులు 'వెబ్‌డ్రైవర్ వెయిట్' వాడి, బటన్ కనబడేదాకా, గరిష్ఠంగా 10 సెకన్లు ఆగమని చెప్పండి. బటన్ రాగానే ముందుకు కదులుతుంది. ఈ తేడా ఎందుకో మీ మాటల్లో చెప్పగలిగితే ఆటోమేషన్ ఇంటర్వ్యూలో తరచూ వచ్చే ఒక ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉన్నట్టే. అలాగే బ్రౌజర్ కాపీ చేసిచ్చిన పొడుగాటి ఎక్స్‌పాత్ (పేజీలో బటన్ ఎక్కడుందో చెప్పే దారి) వాడకండి, పేజీలో ఒక్క డివ్ (పేజీలోని ఒక డబ్బా) పెరిగినా తెగిపోతుంది. బటన్‌కు ఐడీ (దాని సొంత పేరు) ఉంటే ఐడీయే పట్టుకోండి.

లాగిన్, తప్పు పాస్‌వర్డ్, కార్టులో వేయడం, తీసేయడం, ఆర్డరు పూర్తి చేయడం – ఈ అయిదు టెస్టులు సరిగ్గా నడిస్తే చాలు. ఏ రోజు పని ఆ రోజే గిట్‌హబ్‌లో (కోడ్ దాచి, నలుగురికీ చూపే సైటు) పెట్టండి. ఎలా నడపాలో రీడ్‌మీలో (కోడ్‌తో పాటు పెట్టే వివరణ ఫైలు) పది లైన్లు రాయండి. ఒకేరోజు మొత్తం ఎక్కిస్తే ఎక్కణ్నుంచో దించినట్టు కనబడుతుంది.

సర్టిఫికెట్ కూడా కావాలంటే ఐఐటీలవారి ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల జావా కోర్సు ఉంది. పాఠాలు ఉచితం, పరీక్షకే ఫీజు. ఉదయం మూడు గంటలు సాధనకు, మధ్యాహ్నం అప్లికేషన్లకు కేటాయించండి. మొత్తం నేర్చుకున్నాక అప్లై చేద్దామని మాత్రం ఆగొద్దు. ఇంటర్వ్యూలో జవాబు చెప్పలేని ప్రశ్నే మర్నాటి పాఠం. ఇంతా చేసి ఎక్కడైనా చిక్కుకుపోతే అప్పుడు ఆ ఒక్క కోర్సుకే, డెమో క్లాసులు విన్నాకే, ఫీజు వాయిదాల్లో కట్టి చేరండి.

ప్రశ్న: మావారు ఉప్పల్‌లో ఓ చిన్న కంపెనీలో అకౌంటెంట్‌గా చేసేవారు. అది మూతపడింది. ట్యాలీ ఎంట్రీలు బాగా వచ్చు. ఇంకేం నేర్చుకోవాలి? – ఓ పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: జీఎస్‌టీ రికన్సిలియేషన్ (మన పుస్తకాన్ని జీఎస్‌టీ రికార్డుతో సరిచూడటం) నేర్చుకోమనండమ్మా. ఎంట్రీలు వేసేవాళ్లు ఎక్కువ, లెక్క సరిపోల్చి తేడా ఎక్కడుందో చెప్పేవాళ్లు తక్కువ. నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారికి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు మరుసటి నెల 11, జీఎస్‌టీఆర్-2బీ (సరఫరాదారులు చూపిన బిల్లుల జాబితా) తయారయ్యేది 14, జీఎస్‌టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్న్) గడువు 20. అంటే 14కూ 20కీ మధ్య, కొనుగోలు పుస్తకాన్ని 2బీతో సరిచూడాలి. సరఫరాదారు చూపని బిల్లుపై ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్ను తగ్గింపు) రాదు, కాబట్టి తేడా పట్టినవాడు యజమాని డబ్బు కాపాడినట్టే.

ఎక్సెల్‌లో రెండు జాబితాల్లోనూ జీఎస్‌టీ నంబరు, బిల్లు నంబరు కలిపి ఒక కాలమ్ చేసి, వీలుకప్ అనే ఫార్ములాతో ఒక జాబితాలోని బిల్లును ఇంకోదాంట్లో వెతకాలి. ఉన్న బిల్లు కూడా దొరకలేదంటే చాలాసార్లు కారణం బిల్లు నంబరే. ఒకచోట 0045, ఇంకోచోట 45, లేదా చివర కనబడని ఖాళీ. ఖాళీలకు ట్రిమ్ ఫార్ములా వాడాలి, ముందు సున్నాలు రెండువైపులా ఒకే తీరుగా మార్చాలి. సాధనకు ట్యాలీప్రైమ్ ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితం. నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి గానీ నేర్చుకోవడానికి అవి చాలు.

ప్రశ్న: ఎనిమిది నెలల గ్యాప్ వచ్చింది. 40 వేలిస్తే రెండేళ్ల అనుభవం 'పెట్టిస్తామని' ఒక కన్సల్టెన్సీ అంటోంది. – ఓ పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వద్దు. అది లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపించడమే. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో (కంపెనీ మీ వివరాలు సరిచూసే దశ) యూఏఎన్ (పీఎఫ్ నంబరు) సర్వీస్ హిస్టరీ, ఫామ్ 26ఏఎస్ (మీ పేరిట జమైన పన్ను వివరాలు), జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడగొచ్చు. మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. చేరాక బయటపడినా తీసేస్తారు, రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం మానినట్టు ఇచ్చే పత్రం) కూడా ఇవ్వకపోవచ్చు. గ్యాప్‌ను దాచకండి. లేఆఫ్ అయిన నెల, ఆ తర్వాత నేర్చుకున్నది, గిట్‌హబ్ లింకు – రెండు లైన్లలో రాయండి. పాత కంపెనీ మీ పీఎఫ్‌లో ఎగ్జిట్ డేట్ (ఉద్యోగం మానిన తేదీ) వేసిందో లేదో ఈరోజే లాగినై చూసుకోండి. వేయకపోతే, చివరి పీఎఫ్ జమ పడిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.