మూడు మాత్రలు వాడినా తగ్గని బీపీ.. టెన్షన్ వల్లేనా?

ప్రశ్న: నా వయసు 38. నాలుగేళ్లుగా బీపీ ఉంది. మూడు రకాల మాత్రలు వాడుతున్నా 160/100 దగ్గరే ఉంటోంది. ఈమధ్య పిక్కలు పట్టేస్తున్నాయి. మెట్లెక్కుతుంటే కాళ్లలో సత్తువ ఉండట్లేదు. రక్తపరీక్షలో పొటాషియం 3.1 వచ్చింది. డాక్టర్ ఆల్డోస్టిరాన్, రెనిన్ పరీక్షలు రాశారు. ఇంట్లోవాళ్లేమో ఇదంతా ఉద్యోగం టెన్షన్, ఇన్ని పరీక్షలెందుకు అంటున్నారు. చేయించుకోమంటారా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చేయించుకోండి. టెన్షన్‌తో బీపీ కాస్త పెరగొచ్చు గానీ, పిక్కలు పట్టేయడం, పొటాషియం పడిపోవడం ఆ ఖాతాలో వేయలేం. మీ మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది ఉంటే దానివల్లా పొటాషియం తగ్గుతుంది. అయినా ఈ పరీక్ష అవసరమే.

మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టిరాన్‌ను తయారుచేస్తాయి. ఇది ఒంట్లో ఉప్పును పట్టి ఉంచి, పొటాషియాన్ని మూత్రంలోకి పంపేస్తుంది. దీని తయారీని పురమాయించేది మూత్రపిండాలు విడుదల చేసే రెనిన్. అవసరానికి మించి తయారైతే బీపీ పెరుగుతుంది. దీన్ని 'కాన్ సిండ్రోమ్' అంటాం.

జెరోమ్ కాన్ అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన చేసిన పని చెమట మీద! ఉక్కపోత ప్రాంతాలకు శరీరం ఎలా అలవాటు పడుతుందో చూస్తుంటే, కొద్దిరోజులకే చెమటలో ఉప్పు తగ్గిపోతోందని తేలింది. దీని వెనక అడ్రినల్ హార్మోన్ ఏదో ఉందని ఆయన ఊహించారు. ఆల్డోస్టిరాన్‌ను వేరుచేయగలిగింది 1953లో. ఆ మరుసటి ఏడాదే 34 ఏళ్ల మహిళ ఒకరు ఆయన దగ్గరికి వచ్చారు. ఏళ్ల తరబడి కండరాల నీరసం, బీపీ, బాగా తక్కువ పొటాషియం. కాన్ ఆమె చెమటను పరీక్షిస్తే అందులో సోడియం చాలా తక్కువగా ఉంది. ఆపరేషన్‌లో కుడి అడ్రినల్‌లో గడ్డ కనిపించింది. అది తీసేశాక బీపీ, పొటాషియం రెండూ దారికొచ్చాయి.

బీపీ రోగుల్లో ఈ జబ్బు చాలామందికి ఉండొచ్చని, పొటాషియం మామూలుగా ఉన్నవాళ్లలోనూ ఉంటుందని ఆయన తర్వాత అన్నారు. అప్పట్లో ఎక్కువమంది నమ్మలేదు. ఇప్పుడు చూస్తే, మాత్రలకు లొంగని బీపీ ఉన్నవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇదే కారణమని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇంతమందిలో ఉన్నా పరీక్ష రాసేవాళ్లు తక్కువ. మీ డాక్టర్ రాశారంటే మంచిదే.

పరీక్షకు ముందు పొటాషియాన్ని సరిచేసుకోవాలి. అప్పటిదాకా ఉప్పు మరీ తగ్గించొద్దు, ఫలితం తారుమారవుతుంది. ఆల్డోస్టిరాన్ పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు వాడుతుంటే కొన్ని వారాల ముందు ఆపాల్సి రావచ్చు. ఏ మాత్ర ఆపాలో డాక్టరే చెప్పాలి, మీరుగా ఆపితే ప్రమాదం. రక్తం ఉదయంపూట, లేచి కాసేపు తిరిగాక, కొన్ని నిమిషాలు కూర్చున్న తర్వాత ఇస్తారు.

జబ్బు ఉందని తేలితే సీటీ స్కాన్ తీస్తారు. స్కాన్‌లో గడ్డ కనిపించినంత మాత్రాన ఆపరేషన్‌కు తొందరపడకండి. ఏ పనీ చేయని గడ్డలూ ఉంటాయి. హార్మోన్ ఏ వైపు ఎక్కువగా వస్తోందో తెలుసుకోవడానికి అడ్రినల్ సిరల నుంచి రక్తం తీసి చూస్తారు. ఒకవైపే అయితే ల్యాప్రోస్కోపీతో ఆ గ్రంథిని తీసేస్తారు. రెండువైపులా ఉంటే మాత్రలే. స్పైరోనోలాక్టోన్‌తో మగవాళ్లకు రొమ్ములు ఉబ్బొచ్చు. అలా అయితే సిగ్గుపడకుండా చెప్పండి, వేరే మందులున్నాయి.

ఈలోగా కాళ్లూచేతులూ కదపలేనంత నీరసం వచ్చినా, గుండె దడదడలాడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. మీ ఇంట్లో ఎవరికైనా చిన్నవయసులోనే బీపీగానీ పక్షవాతంగానీ వచ్చి ఉంటే, ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి.