టెక్ సందేహాలు: ర్యామ్ పెంచినా డేటాబేస్ ఎందుకు కదలడం లేదు?

ప్రశ్న: మాది విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం. బిల్లింగ్‌కు ఒరాకిల్ డేటాబేస్ వాడుతున్నాం. ఉదయం నలభై మంది ఒకేసారి స్టాకు రిపోర్టు తెరిస్తే సర్వర్ సీపీయూ నూరు శాతానికి చేరి, తెరలు బిగుసుకుపోతున్నాయి. డిస్కుకు మాత్రం దాదాపు పనే ఉండటం లేదు. ర్యామ్ రెట్టింపు చేసినా ఫలితం లేదు. ఏడబ్ల్యూఆర్ (ఒరాకిల్ పనితీరు నివేదిక) రిపోర్టులో, నిరీక్షణల జాబితాలో ‘లాచ్: క్యాష్ బఫర్స్ చెయిన్స్’ అన్నది మొదటి వరుసలో ఉంది. ఏమిటిది?

జవాబు: డిస్కుకు పని లేదంటే మీకు కావలసిన డేటా ఇప్పటికే మెమరీలో ఉందన్నమాట. ఉన్నదాన్నే అందుకోవడానికి తొక్కిసలాట జరుగుతున్నప్పుడు ర్యామ్ పెంచితే ఉపయోగం ఉండదు.

ఒరాకిల్ డిస్కు నుంచి తెచ్చిన బ్లాకులను (సాధారణంగా ఒక్కొక్కటి 8 కేబీ) బఫర్ క్యాష్ అనే మెమరీ భాగంలో ఉంచుతుంది. లక్షల బ్లాకుల్లో కావలసినది వెంటనే దొరకాలి కాబట్టి, బ్లాకు చిరునామాను బట్టి వాటిని చిన్న చిన్న గొలుసులుగా కడుతుంది. ఈ గొలుసులే ఆ పేరులోని ‘చెయిన్స్’. ఒకరు గొలుసును వెతుకుతుండగా మరొకరు దాన్ని మార్చకుండా కాపలా కాసేది లాచ్, అంటే గొళ్లెం. ఒక్కో లాచ్ కింద అనేక గొలుసులు ఉంటాయి కనుక, ఒక బ్లాకు కోసం రద్దీ పెరిగితే ఆ లాచ్ కిందే ఉన్న ఇతర బ్లాకులకూ తిప్పలు తప్పవు.

లాచ్‌నూ లాక్‌నూ చాలామంది ఒకటిగా భావిస్తారు. ఆర్టీసీ బస్సులో సీటు మీద తువ్వాలు వేసి దిగేదాకా అట్టిపెట్టుకోవడం లాంటిది లాక్. ట్రాన్సాక్షన్ ముగిసేవరకు అది ఉంటుంది, దాని కోసం వచ్చినవారు వరుసలో నిలబడతారు. లాచ్ బస్సు తలుపు లాంటిది. దాన్ని మైక్రోసెకన్లలో దాటిపోతారు, వరుస అంటూ ఉండదు, ఎవరికి సందు దొరికితే వారు ఎక్కుతారు. లాచ్ దొరకని ప్రాసెస్ వెంటనే నిద్రపోదు. క్షణంలో దొరుకుతుందన్న ఆశతో సీపీయూను వదలకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. దీన్నే స్పిన్ అంటారు. మీ సీపీయూలో గణనీయమైన భాగం ఇలా తలుపు తట్టడానికే ఖర్చవుతూ ఉండాలి.

అందరూ చదివేవారే, ఎవరూ ఏమీ మార్చడం లేదు కదా, మరి పోటీ ఎందుకన్న అనుమానం రావచ్చు. డేటాను చదవడానికి వచ్చిన సెషన్ (ఒక వాడుకరి కనెక్షన్) కూడా, తాను వాడుతున్నంతసేపు ఆ బ్లాకును తీసివేయకుండా, బఫర్ హెడర్ (ఆ బ్లాకు వివరాలుండే చీటీ లాంటిది) మీద తన గుర్తు పెడుతుంది. ఆ గుర్తు పెట్టడం మెమరీలో రాయడమే. పైగా లాచ్ కూడా మెమరీలోని ఒక చిన్న స్థలమే. సీపీయూలోని ఒక కోర్ దాన్ని మార్చినప్పుడల్లా, ఇతర కోర్‌ల సొంత క్యాష్‌లలో ఉన్న, ఆ స్థలం తాలూకు లైను (సాధారణంగా 64 బైట్ల మెమరీ ముక్క) చెల్లకుండా పోయి, వాటికి మళ్లీ తెచ్చుకోవలసి వస్తుంది. ఆ లైను కోర్‌ల మధ్య బంతిలా తిరుగుతూ ఉంటుంది. ఇలాంటి స్థితిలో కోర్‌లు పెంచితే తలుపు దగ్గర గుంపు పెరగడమే తప్ప తలుపు వెడల్పు కాదు.

అసలు దోషి దాదాపు ఎప్పుడూ ఏదో ఒక క్వెరీయే (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న). మీ రిపోర్టు ప్రతి వరుసకూ ఒక ఫంక్షన్‌ను పిలిచి, చిన్న పన్ను రేట్ల పట్టికలోకి తొంగిచూస్తోందేమో గమనించండి. రిపోర్టులో యాభై వేల వరుసలు ఉండి, ఒక్కోసారి మూడు బ్లాకులు చదివితే ఒక మనిషికి లక్షన్నర లాజికల్ రీడ్‌లు (మెమరీలోని బ్లాకులను చదవడం), నలభై మందికి అరవై లక్షలు. అవన్నీ తిరిగి తిరిగి అవే నాలుగైదు బ్లాకుల మీద పడతాయి. సరైన ఇండెక్సు లేని నెస్టెడ్ లూప్ జాయిన్ (ఒక పట్టికలోని ప్రతి వరుసకూ రెండో పట్టికను మళ్లీ వెతికే పద్ధతి) కూడా ఇదే పని చేస్తుంది. ఏడబ్ల్యూఆర్‌లో ‘ఎస్‌క్యూఎల్ ఆర్డర్డ్ బై గెట్స్’ విభాగం (లాజికల్ రీడ్‌లు ఎక్కువగా చేసే క్వెరీల జాబితా) తెరిచి, పైన ఉన్న క్వెరీతో మొదలుపెట్టండి. ఫంక్షన్‌ను తీసేసి మామూలు జాయిన్ రాస్తే, ఆప్టిమైజర్ (క్వెరీని నడిపే దారిని ఎంచే భాగం) హాష్ జాయిన్ ఎంచుకుని ఆ పట్టికను ఒక్కసారే చదివే అవకాశం ఉంటుంది. (ఏడబ్ల్యూఆర్ వాడకానికి డయాగ్నస్టిక్స్ ప్యాక్ లైసెన్సు ఉండాలి, లేనివారికి పాత స్టాట్స్‌ప్యాక్ ఉంది.)

క్వెరీని సరిదిద్దిన తర్వాత కూడా ఒత్తిడి మిగిలితే, పీసీటీఫ్రీ (బ్లాకులో ఖాళీగా వదిలే శాతం) పెంచి పట్టికను తిరిగి కట్టి, ఒక్కో బ్లాకులో తక్కువ వరుసలు ఉండేలా చేయవచ్చు. అయితే అందరూ కోరేది ఒకే వరుస అయితే ఎంత చెదరగొట్టినా లాభం లేదు. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే దాచిన పారామీటర్లు మార్చమని మీకు ఎవరైనా సలహా ఇస్తే, ఒరాకిల్ సపోర్టు చెప్పనిదే వాటి జోలికి వెళ్లకండి.

ప్రశ్న: మేము వాడేది ఎస్‌క్యూఎల్ సర్వర్. బిల్లుల పట్టికలో ఇన్‌సర్ట్‌లు (కొత్త వరుసలు చేర్చడం) ఆగిపోయి ‘పేజ్‌లాచ్ ఈఎక్స్’ అని చూపుతోంది. డిస్కు మార్చాలా?

జవాబు: వద్దు. ఇది మెమరీలో ఉన్న పేజీ (ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బ్లాకు లాంటిది) మీది లాచ్ కోసం నిరీక్షణ. డిస్కు కోసం నిరీక్షణ అయితే పేరులో ‘ఐఓ’ చేరి ‘పేజ్ఐఓలాచ్’ అని ఉండేది. మీ బిల్లు నంబరు వరుసగా పెరిగే క్లస్టర్డ్ కీ (పట్టికలో వరుసల క్రమాన్ని నిర్ణయించేది) అయి ఉంటే, కొత్త వరుసలన్నీ చివరి 8 కేబీ పేజీ మీదకే వచ్చి పడతాయి. 2019 వెర్షన్ నుంచి ఇండెక్సుకు ‘ఆప్టిమైజ్ ఫర్ సీక్వెన్షియల్ కీ’ అనే ఐచ్ఛికం ఉంది. అది పోటీని పూర్తిగా తొలగించదు గానీ, గుంపును కాస్త క్రమంలో పంపుతుంది. అంతకు ముందు, ఆ నిరీక్షణలో ఉన్న సెషన్‌లు ఏ పేజీని చూపుతున్నాయో చూడండి. ఆ పేజీని తెలిపే వనరు సంఖ్య ‘2:’తో మొదలైతే అది టెంప్‌డీబీ (తాత్కాలిక పట్టికలు ఉండే డేటాబేస్). అప్పుడు సమస్య మీ బిల్లుల పట్టికది కాదు, తాత్కాలిక పట్టికలది. టెంప్‌డీబీకి సమాన పరిమాణంలో మరిన్ని డేటా ఫైళ్లు చేర్చవలసి ఉంటుంది.